ఉరికే గుర్రం కోసం వదిన కొన్న కెమెరా

మా వదిన పోయింది. మొన్న బుధవారం పొద్దున, ఇక ఇంటికి తీసుకుపోవచ్చని దవాఖానలో చెప్పిన మరునాడే. నాంపల్లిలో మా గల్లీ దాటితే ఆమెను ఎరిగినవాళ్లు పెద్దగా లేరు. అయినా నాలుగు ముక్కలు రాయకపోతే నాకు మనసున పట్టేట్టు లేదు. చదివేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

ఆమె మా అన్న భార్య. అన్న పోలీసుల గుర్రపు దళంలో పనిచేసేవాడు. నేల మీద ఉత్త మొద్దు మనిషి, పలకరిస్తే పలకడు. జీను మీద కూర్చున్నాడంటే మాత్రం చూడాల్సిందే. పెళ్లయిన కొత్తలో అబిడ్స్‌లోని ఒక స్టూడియోలో తీయించుకున్న ఫోటో మా ఇంటి గోడకు ఉండేది. అందులో అన్న ఊపిరి బిగబట్టి, గుడ్లు మిటకరించి నిలబడ్డాడు. వదిన దాన్ని చూసినప్పుడల్లా "గీయన ఎవరో నాకు తెల్వదు" అనేది.

తర్వాత కొన్నేళ్లకు అన్న మోకాలు పాడైంది. ఆ చలికాలం గోషామహల్ మైదానంలో జరిగే ఆటలతో సరి, ఇక గుర్రం ఎక్కొద్దని తేల్చేశారు. పరుగు మీదున్న గుర్రం నుంచి వంగి, నేలలో పాతిన మేకును ఈటెతో పెరికే ఆట అతనిది. ఆ సంగతి తెలిసిన రోజే వదిన నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, కెమెరా కొందాం పా. ఆయన గుర్రం మీదుండంగ ఒక్క ఫోటో కావాలె నాకు."

స్టూడియో అతన్నే పిలుద్దామన్నాను. "ఆయనకు మీ అన్న ఎట్లుంటడో ఎర్కనా?" అంది. చెప్పులేసుకుని ఆమె వెంట బయల్దేరాను.

అబిడ్స్‌లో కెమెరాల దుకాణాయన మా ముందు డబ్బా కెమెరా పెట్టాడు. "కొత్తగ నేర్చుకునేటోళ్లకు గిదే మంచిదమ్మా. నొక్కుడే పని."

"గుర్రం ఉరుకుతుంటె పడ్తదా?"

"ఉరికేది పడదు. అలుక్కపోతది. నిలబెట్టి తీస్కోండ్రి."

"నిలబడ్డ మనిషి మా ఇంట్ల గోడకే ఉన్నడు," అంది వదిన. "ఉరికేటోడు కావాలె."

ఆయన నవ్వి, లోపలి నుంచి మడత కెమెరా ఒకటి తెచ్చాడు. ఎవరో వాడి అమ్మింది. దీని కన్ను రెప్పపాటు కంటే తొందరగా తెరుచుకుని మూసుకుంటుంది గాని, కొత్తవాళ్లకు కష్టమన్నాడు. దూరం మనమే అంచనా వేసి పెట్టాలి. ఒక ఫోటో అయ్యాక రీలు మనమే తిప్పాలి. వదిన అన్నిటికీ "ఔ, ఔ" అంటూనే దాన్ని కొంగులో చుట్టేసింది.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం రైలు స్టేషన్ ముందు టాంగాలు తిరిగే చోట నిలబడేది. రీలు దండగని ఖాళీ కెమెరాతోనే నేర్చుకుంది. ముందే ఒక కరెంటు స్తంభానికి దూరం పెట్టుకుని, గుర్రం అక్కడికి వచ్చేదాకా దాని వెంటే కెమెరా తిప్పి, రాగానే నొక్కేది. టాంగావాళ్లు మొదట నవ్వారు. తర్వాత ఆమె కోసం కాస్త జోరుగా తోలేవారు. "తొందర కెమెరాకుండాలె తమ్మీ, మనకొద్దు," అనేది. ఆ మాట తర్వాత నాకు ఎన్నిటికో వాడింది. ప్రమోషన్ రాలేదని నేను చిందులు తొక్కినప్పుడు కూడా.

ఆటల రోజున రీలు వేసుకుని మైదానానికి వెళ్లాం. చేయి కుదరడానికి ముందు వచ్చిన ఇద్దరు రౌతులను తీసింది. మూడోవాడు అన్న. దుమ్ము లేపుకుంటూ వచ్చి, నేలను ముద్దు పెట్టుకుంటాడేమో అన్నంతగా వంగి, మేకును పెరికి లేచాడు. వదిన కొంచెం కూడా తడబడలేదు. కెమెరా దించాక ఆమె ముఖం చూశాను. అంత సంతోషం ఆ ముఖంలో మళ్లీ నేను చూడలేదు.

రీలు కడిగించడానికి ఇచ్చాం. తీసుకోవడానికి వెళ్తే దుకాణాయన తలెత్తలేదు. "ఒక్కటే ఉందమ్మా," అన్నాడు. ముగ్గురూ ఒకే ఫోటోలో పడ్డారు, ఒకరి మీద ఒకరు. లెక్కకందని కాళ్లు, అడ్డదిడ్డంగా ఈటెలు. వదినకు వెంటనే అర్థమైంది. ఇన్నాళ్లూ ఖాళీ కెమెరా నొక్కీ నొక్కీ, రీలు తిప్పడం ఆమె చేతికి అలవాటే కాలేదు. బయటికి వచ్చి, పెద్ద పోస్టాఫీసు ముందు, అంత జనంలో, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కన నిలబడడం తప్ప నాకేమీ చేతకాలేదు.

ఆ తర్వాత గల్లీలో పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఆమే ఫోటోలు తీసింది. నొక్కిన ప్రతిసారీ మీట తిప్పి "తిప్పిన" అని పైకి అనేది. పిల్లలు నవ్వేవారు.

ఆ ఒక్క ఫోటోను పెద్దది చేయించి, పాతది తీసేసి, అదే మేకుకు తగిలించింది. వచ్చినవాళ్లు ఇదేం బొమ్మ అని అడిగితే, నేరుగా వెళ్లి అద్దం మీద వేలు పెట్టి "గీడున్నడు మా ఆయన" అనేది. ముగ్గురికీ అదే టోపీ, అదే వంపు. ఎట్లా గుర్తుపడతావని నేను అడగలేదు. అన్నేమో "గుర్రాల సంత లెక్కుంది" అని ఆట పట్టించేవాడు. ఒక్కనాడూ దగ్గరికి వెళ్లి చూసింది లేదు.

నిన్న చుట్టాలందరూ వెళ్లిపోయాక అన్న కుంటుకుంటూ ఆ గోడ దగ్గరికి వెళ్లాడు.

"తమ్మీ, గీ ఫోటోల నేనేడున్న రా?"

నేను కళ్లద్దాలు పెట్టుకుని వెతికాను. నాకు తెలియలేదు. ఆ మాటే చెప్పాను.

అన్న వేలు ఒక వంగిన నడుము మీద ఆనింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత మెల్లగా పక్కదాని మీదికి జరిగింది.