కంచి చెయ్యి, దీవి బల్లి

కంచిలో బంగారు బల్లిని ముట్టుకుని వచ్చిన నాటి నుంచి నా కుడిచెయ్యి నాది కాకుండా పోయింది. మీద బల్లి పడినవాళ్లు, ఆ కంచి బల్లిని ముట్టుకున్నవాళ్లను ముట్టుకుంటే దోషం పోతుందని మా వాకాడులో గట్టి నమ్మకం. నేను పిండి పిసుకుతున్నా, చేపలు కడుగుతున్నా సరే, తలకు పోసుకుని తడిజుట్టుతో ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడతారు. "అక్కా, ఒక్కసారి చెయ్యి" అంటారు. విసుక్కుంటూనే ఇస్తాను. నాకు ఆ నమ్మకం ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

పోయిన వేసవిలో మా అక్క, బావ అండమాన్ వైపు దీవులు చూడటానికి వెళ్లారు. అక్క విమానం ఎక్కడం అదే మొదలు. తిరుగు ప్రయాణం రేపనగా మధ్యాహ్నం వీడియో కాల్ చేసింది. తల తడిగా ఉంది. ఏం జరిగిందో చూడగానే అర్థమైంది.

"తల మీద పడిందే! ప్రాణగండమంట గదా. నేను విమానం ఎక్కనంటే ఎక్కను."

"ఈదుకుంటా వస్తుందేమో అడుగు!" వెనక నుంచి బావ అరిచాడు.

బల్లి ఎలా ఉందని అడిగాను. లేత అరిటాకు రంగులో, వీపు మీద ఎర్ర చుక్కలతో ఉందట. ఆ దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదని లాడ్జి మేనేజరు గర్వంగా చెప్పాడట. దారి దొరికిందనుకున్నాను.

"అయితే భయం లేదక్కా. పంచాంగం రాసినాయన దాన్ని చూసుండడు. అందులో ఉండేదంతా మన గోడల మీది బల్లుల సంగతే."

"బల్లి బల్లే! మాటలు మాని చెయ్యి పెట్టు."

అరచెయ్యి తెర మీద ఆనించాను. ఎర్ర బటన్ నొక్కుకుపోయి కాల్ కట్టయింది. మళ్లీ చేసేసరికి అక్క ఏడుస్తోంది. అది ఇంకో అపశకునమట. ఈసారి ఫోన్ దూరంగా పట్టుకుని, తెరకు తగలకుండా చెయ్యి చూపించాను.

"ఎడం చెయ్యి పెడతావా నాకు? కుడిచేత్తో ఫోను పట్టుకోనుండావు గదే!"

చేతులు మార్చాను. అక్క తన ఫోన్ మీద వేళ్లు ఆనించి కళ్లు మూసుకుంది. ఎక్కుతానని మాత్రం అనలేదు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, భయపడుతున్నది మా అక్క.

మర్నాడు సాయంత్రం చెన్నై నుంచి వచ్చి మా గుమ్మం ముందు కారు దిగింది. మంచినీళ్లయినా తాగకుండా నా కుడిచెయ్యి పట్టుకుంది. నా చెయ్యి సముద్రం దాటి పనిచేసిందని గొప్పలు పోయాను.

"నీ చేతిని చూసి ఎక్కలేదులే. ఆ బల్లి ఆ దీవిలో తప్ప యాడా ఉండదంట. నేను మాత్రం వాకాట్లో తప్ప యాడుంటా? పరాయి చోట ప్రాణం పోయేదానికన్నా, మనూరి దోవలో పోతే మేలని ఎక్కినా."

నోర్ముయ్యమని కసరబోయాను. ఎడం చెయ్యి కూడా అక్క చేతి మీద వేశాను. అక్క నా చెయ్యి వదల్లేదు. పొయ్యి మీద మాడుతున్న పులుసును బావే వెళ్లి దించాడు.