వేళ్లకి విసుగు తెలీదన్నావిడ

మా టైపు టీచరుగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్న ఆవిడ మరదలు ఫోన్ చేసి చెప్పారు. సెలవు పెట్టి వెళ్లాను. వాకిట్లో నాలాంటివాళ్లు చాలామంది నిలబడి ఉన్నారు. అందరం ఒకప్పుడు ఆవిడ దగ్గర నేర్చుకుని ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లమే. అందరి తరఫునా నేను మాట్లాడలేను. నా మటుకు నాకు ఆవిడ ఏం చేశారో మీతో చెప్పుకోవాలనిపించింది.

తొంభైల్లో రాజమండ్రి దానవాయిపేటలో, ఓ మందుల షాపు మేడ మీద ఆవిడ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నేను మొదటిసారి ఆ మెట్లెక్కేటప్పటికి మా ఆయన పోయి ఆరు నెలలు. ఆయన ఆఫీసులోనే నాకు ఉద్యోగం ఇచ్చారు. రెండేళ్లలో తెలుగు టైపు లోయర్ గ్రేడు పరీక్ష పాసైతే టైపిస్టుగా ఉంటాను, లేకపోతే అటెండరుగా వెళ్లాలి. ఆరేళ్ల కూతురు తప్ప నాకు ఇంకెవరూ లేరు.

మొదటిసారి ఫెయిలయ్యాను. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి మిషను ముందు కూర్చుంటే, కొట్టిన వరుసే మళ్లీ మళ్లీ కొట్టాలి. గుణింతాలు, ఒత్తులు తారుమారయ్యేవి. కాగితం కన్నా గోడ గడియారాన్నే ఎక్కువ చూసేదాన్ని. ఫలితాలు వచ్చాక పది రోజులు అటు వెళ్లలేదు.

పదకొండో రోజు ఆవిడే మా ఇంటికి వచ్చారు. ఎందుకు రావట్లేదని అడగలేదు. చాప మీద కూర్చుని టీ తాగుతూ, పిల్ల ఎందుకింత మౌనంగా ఉందని అడిగారు. వాళ్ల నాన్న రోజూ అన్నం తినిపిస్తూ ఓ కొంగ కథ చెప్పేవారని చెప్పాను. ఆ కొంగ గోదావరిలో లాంచీ ఎక్కి పాపికొండలకు బయల్దేరింది. అది సగం దారిలో ఉండగానే ఆయన వెళ్లిపోయారు. అప్పటినుంచి పిల్ల కథ అడగడం మానేసింది. నాకూ చెప్పడానికి నోరు రాలేదు.

ఆవిడ గ్లాసు కింద పెట్టి, "ఆ కొంగ ఎక్కడ దిగిందో రేపొచ్చి టైపు చెయ్యమ్మాయ్" అన్నారు.

"పరీక్షకి అది పనికి రాదు కదండీ?"

"వేళ్లకి విసుగు తెలీదు. విసుగంతా మనసుకే. ముందు దాన్ని మంచి చేసుకో."

మర్నాడు వెళ్లాను. రోజుకో పేజీ కథ. నోటితో చెప్పలేనిది వేళ్లతో చెప్పగలిగాను. ఆ పేజీ ఇంటికి తీసుకెళితే, అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్న మా పిల్ల కూడబలుక్కుంటూ చదివేది. తప్పు కనిపిస్తే ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టేది. "అమ్మా, లాంచీకి దీర్ఘం మర్చిపోయావు" అని, వాళ్ల నాన్న పోయాక అది మొదటిసారి నవ్వినప్పుడు, వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. సున్నాలు తగ్గించాలన్న పట్టుదల ఆ రోజే పుట్టింది.

టీచరుగారు మెతక మనిషేం కాదు. మూడు రోజులకోసారి పరీక్ష పేపరు ముందు పెట్టి, గడియారం పట్టుకుని నిలబడేవారు. కథ మాత్రం ఎప్పుడూ పూర్తి చెయ్యనిచ్చేవారు కాదు. మంచి పట్టులో ఉండగా వచ్చి రోలర్ లోంచి కాగితం లాగేసేవారు. "రేపు మళ్లీ రావాలనిపిస్తుండగానే లేవాలి" అనేవారు. బస్సులో వస్తూ తర్వాత వాక్యం తలుచుకునేదాన్ని. తెల్లారితే సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఉండేది. రెండోసారి పాసయ్యాను. అదే సీట్లో ఇప్పటికీ పనిచేస్తున్నాను.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. మేడ మీద మిషన్లు ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. కిందటేడు ఆవిడకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పిసకమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే, రెండు వారాలు చేసి మూలకు విసిరేశారట. నేను వెళ్లి బతిమాలాను.

"ఎదుటివాళ్లకి చెప్పడం తేలికేనమ్మాయ్" అన్నారు, ముఖం పక్కకు తిప్పుకుని.

ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించాను. తర్వాతి ఆదివారం అష్టాచెమ్మా పలక, నాలుగు గవ్వలు పట్టుకెళ్లాను. చిన్నప్పుడు కపిలేశ్వరపురంలో అన్నదమ్ములందరినీ ఆ ఆటలో ఓడించానని ఆవిడే ఓసారి చెప్పారు. ఎడంచేత్తో వేస్తే పందెం చెల్లదని షరతు పెట్టాను. కోపంగా చూశారు. తర్వాత గవ్వల కేసి చూశారు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆడాం. మొదట్లో వేళ్లు గవ్వల దాకా జరగడానికే చాలాసేపు పట్టేది. మూసుకున్న గుప్పిట తనంతట తెరుచుకునేది కాదు, నేనే విప్పేదాన్ని. మిగతా రోజుల్లో మరదల్ని కూర్చోబెట్టుకునేవారట. నా కాయను చంపిన రోజున ఇంకొక్క ఆట అంటూ నన్ను కదలనిచ్చేవారు కాదు. ఆ చెయ్యి మళ్లీ పెన్ను పట్టలేదు. జుట్టు ముడేసుకోలేదు. అంతా బాగైపోయిందని చెబితే అబద్ధమవుతుంది.

పోయిన ఆదివారమే ఆఖరిసారి ఆడాం. వరండాలో ఎండ పలక అంచు దాకా వచ్చింది. గవ్వలు ఒక్కొక్కటే ఏరుకుని, నాలుగింటినీ గుప్పిట్లో మూశారు. నేను చెయ్యి సాయం పట్టబోతే వద్దన్నట్టు తల ఊపారు. గుప్పిట కొద్దికొద్దిగా పైకి లేచింది. వేళ్లు మెల్లగా విడిపోయాయి. గవ్వలు పలక మీద పడ్డాయి. పందెం ఎంత పడిందో ఆవిడ చూడలేదు. తెరుచుకున్న తన అరచేతినే చూసుకుంటూ కూర్చున్నారు.