తమ్ముడి మోకాలు, నా ప్రార్థన

ఈ సాయంత్రం మా ఇంట్లో కూడిక ప్రార్థన జరిగింది. మా సంఘంలో ప్రార్థన అంటే మోకాళ్ళ మీదే. వంతు వచ్చి పైకి ప్రార్థన చేసేవాళ్ళు ఆమేన్ అనేదాకా ఎవరూ లేవకూడదు. మోకాళ్ళ నొప్పులని నేను కుర్చీ అడిగినప్పుడల్లా సంఘ పెద్ద అయిన మా తమ్ముడు అందరి ముందూ ఒకటే మాట అనేవాడు.

"నొప్పి మోకాల్లో లేదక్కా, నీ మనసులో ఉండాది. నీకు విశ్వాసం చాల్దు."

నిజంగానే నాకు విశ్వాసం లేదేమో, పరలోకం దొరకదేమో అని ఎంత దిగులుపడ్డానో!

ఈ రోజు వాడు బైకు మీద నుంచి పడి, వాచిన మోకాలితో కుంటుతూ వచ్చాడు. పెద్ద కదా, అందరి ముందూ మోకరించక తప్పలేదు. ప్రార్థన వంతు నాది. నేనూ వాడి పక్కనే మోకరించాను. మనవడి పరీక్షలు, కోడలి బీపీ, సిరిగేరిలో చెల్లెలి వరిమడికి కాలువ నీళ్ళు, అన్నీ దేవుడికి విడమరిచి చెప్పాను. నాకు దిగుళ్ళకు కొదవా?

"సాకక్కా, చాలింక, ఆమేన్ అను. కాలు పీకుతాండాది," అని వాడు మూలిగాడు.

"యాడుందప్పా నొప్పి? మనసులోనే కదా! ఉండు, బండ్రి ఊరోళ్ళు తెచ్చిన పెండ్లి సంబంధం గూడా చెప్పాల," అన్నాను కళ్ళు తెరవకుండానే.

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. చివరికి ఇద్దరు పట్టి లేపితే గానీ వాడు లేవలేదు. "వచ్చే వారం నుంచి నీకు కుర్చీ ఏపిస్తాలే," అన్నాడు.

కక్ష తీరింది. నేను చేసింది తప్పంటారా? కానీ కొత్త దిగులొకటి పట్టుకుంది. వాడు మూలుగుతున్నంతసేపూ నా మోకాళ్ళు అస్సలు నొప్పి పెట్టలేదు. ఈ సంగతి వాడికి మాత్రం చెప్పకండి, నా కుర్చీ పోతుంది.