అటక మీద టమాటాలు

టీనుస్ తన జీవితంలో ఆడిన అబద్ధం ఒక్కటే. కాకపోతే దాన్ని రోజుకు పదిసార్లు ఆడేవాడు. అటక మీద ఏం పెంచుతున్నావయ్యా అని ఎవరడిగినా, అడిగింది పోలీసైనా, చర్చి ఫాదరైనా, పళ్లు పీకే డాక్టరైనా, జవాబు మాత్రం "టమాటాలు". హాలెండులోని టిల్‌బుర్గ్‌లో పాత ఉన్ని మిల్లు వెనక వీధిలో పసిపిల్లలకు కూడా అవి గంజాయి మొక్కలని తెలుసు. తెలియనట్టు అడగడం ఆ వీధి సరదా, తొణక్కుండా చెప్పడం టీనుస్ పట్టుదల.

అందరికంటే బాగా తెలిసింది పక్కింటి ద్రీకాకి. రెండిళ్లకీ మధ్య ఉన్నది ఒకే ఒక్క ఇటుక గోడ. అవతల టీనుస్ అటక, ఇవతల కప్పు కిందే ద్రీకా, ఆమె మొగుడు హారీల పడకగది. అవతల టీనుస్ తుమ్మితే ఇవతల మంచం మీద నుంచి హారీ "చిరంజీవ" అనేవాడు. మగాళ్లిద్దరూ మిల్లులో ఒకే మగ్గం దగ్గర పనిచేసిన స్నేహితులు. మిల్లు మూతపడ్డాక హారీ చేపల్ని పెంచుకున్నాడు. టీనుస్‌కి పెళ్లాం లేదు, పిల్లల్లేరు, చేతులు ఊరుకోలేదు. మట్టి లేకుండా ఉత్త నీళ్లలోనే మొక్కలు పెంచొచ్చని ఎక్కడో విని వచ్చాడు. ఇక ఆ వీధిలో ఎవరి సామానుకీ భద్రత లేకుండా పోయింది.

మిల్లు పడగొట్టినప్పుడు ఎత్తుకొచ్చిన వాన గొట్టాలు, ఎదురింటి బెప్ పారేసిన వాషింగ్ మెషిన్ పైపులు, బేకరీ వాళ్ల ఫ్యాను, అన్నీ కలిపి అటక మీద ఒక కాలువల వ్యవస్థే కట్టాడు. లైట్లు వెలిగించడానికి, ఆర్పడానికి వాళ్లమ్మ కాలంనాటి వంటింటి గడియారం ఒకటి బిగించాడు. దానికి పొద్దున్నే కీ ఇస్తేనే లైట్లు వెలిగేవి. కరెంటు గడియారాలు కొనుక్కోవచ్చు కదా అంటే, వాటి మీద నమ్మకం లేదనేవాడు. నీళ్లు తోడే పంపు హారీ చేపల తొట్టిలోది.

"ఒక్క రాత్రికి ఇయ్యరా హారీ, రేపు తెచ్చిచ్చేస్తా."

"దేనికిరా?"

"టమాటాలకి."

హారీ పెంచుకున్న బంగారు చేప ఆ పంపు కోసం ఎదురుచూసి ఎదురుచూసి కన్నుమూసింది. హారీ దాన్ని పెరట్లో పాతిపెట్టి, టీనుస్ చేత టోపీ తీయించాడు.

కిటికీలో నాలుగైదు మొక్కలుంటే అక్కడి పోలీసులు చూసీ చూడనట్టు పోతారు. అటక నిండా అంటే ఊరుకోరు. అందుకని టీనుస్ పైకప్పు కిటికీకి నల్లరంగు పూశాడు. కర్టెన్లు వేసుకోవడమే అనుమానించాల్సిన పనిగా చూసే ఆ వీధిలో అంతకంటే పెద్ద చాటింపు ఇంకోటి ఉండదు. ఎండ కాసిన రోజున వాసన వీధి చివరిదాకా వచ్చేది. బెప్ బట్టలారేస్తూ ముక్కు ఎగబీల్చేది.

"టీనుస్, నీ టమాటాలు గంజాయి వాసనేస్తున్నాయేంటయ్యా?"

"కొత్త రకం."

రుజువు చూపించడానికి శనివారం సంతకు వెళ్లి టమాటాలు కొనుక్కొచ్చి, ఇవిగో నా అటక మీద కాసినవంటూ ఇంటింటికీ పంచేవాడు. స్టిక్కర్లు పీకడం మాత్రం మర్చిపోయేవాడు.

"దీనిమీద స్పెయిన్ అని ఉందే!"

"విత్తనం అక్కడిది," అనేవాడు, కనురెప్ప ఆడించకుండా.

నిజానికి ఆయన గంజాయి ముట్టేవాడు కాదు. పొగ తగిలితే దగ్గొచ్చేది. పంటలో సగం బూజుకి పోయేది. మిగిలింది చిన్న చిన్న డబ్బాల్లో పోసి, మోకాళ్లు అరిగిన పాత మిల్లు మిత్రులకి ఊరికే ఇచ్చి, "సూపులో వేసుకో, టమాటా పొడి" అని చెప్పి వచ్చేవాడు. ఒకసారి గొట్టం పగిలి నీళ్లన్నీ గోడలోంచి వచ్చి హారీ పక్కంతా తడిపేశాయి. హారీ తడిసిన బనీనుతోనే లేచి కూర్చుని గోడ మీద దబదబా బాదాడు.

"ఒరే టీనుస్! నీ టమాటాలు నా మంచంలో ఉచ్చపోసినయ్‌రా!"

అవతల నుంచి జవాబు వినపడింది: "వాటికి చెప్తాలే."

ద్రీకా ఆ రోజు దుప్పట్లో మొహం పెట్టుకుని కడుపు నొప్పెట్టేదాకా నవ్వింది. అంతలా నవ్వడం అదే ఆఖరని ఆమెకు తెలియదు. మిల్లులో ఏళ్ల తరబడి పీల్చిన ఉన్ని ధూళి హారీ ఊపిరితిత్తుల్లో ఊరికే కూర్చోలేదు. ఆ వేసవిలో ఆయన మెట్లు దిగడం మానేశాడు. ఆకులు రాలే వేళకి, ఆ గోడ పక్కన, ఆ మంచం మీదే పోయాడు.

ద్రీకాకి ఏడుపు పగలు రాలేదు. పగలు పలకరించేవాళ్లుంటారు, పనులుంటాయి. పక్క మీద వాలినప్పుడు వచ్చేది. ఆ వీధిలో పడకగదిలో హీటరు వేయడమంటే పరువు తక్కువ. చలిలో పడుకోవడమే ఆరోగ్యమని తాతల నాటి నుంచి నమ్మకం. ద్రీకాకి ఇన్నేళ్లూ ఆ లోటు తెలియలేదు, ఎందుకంటే ఆమె హీటరు హారీ. పెళ్లయిన నాటి నుంచీ ఆమె తన మంచుగడ్డల్లాంటి పాదాలు తీసుకెళ్లి ఆయన పిక్కలకి ఆనించడం, ఆయన "చంపావే!" అని అరవడం, అరిచి కాళ్లు మాత్రం జరపకపోవడం. ఇప్పుడు ఆ పక్కన ఉత్త గోడ.

టీనుస్ కాఫీకి వచ్చినప్పుడు అలవాటుగా ఒక బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టేసింది. ఎంత ఆప్తులైనా ఒక్కటే బిస్కెట్, ఆ తర్వాత మూత. అది అక్కడి ఆనవాయితీ.

"నిద్ర పడుతోందా?" అన్నాడు టీనుస్.

"ఏం పడుతుంది. గోడ వైపు పక్కంతా మంచులా ఉంటోంది. అటు దొర్లాలంటేనే భయమేస్తోంది."

టీనుస్ కాఫీ సగంలో వదిలేసి, బిస్కెట్ కొరక్కుండానే లేచిపోయాడు. మనిషికి సానుభూతి చెప్పడం కూడా చేతకాదని ద్రీకా చిన్నబుచ్చుకుంది. తర్వాత రెండు రోజులు గోడవతల సామాన్లు ఈడుస్తున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

ఆ వారంలోనే గోడ వెచ్చబడింది. ముందు నమ్మలేదు. అరచెయ్యి పెట్టి చూసింది, చెంప పెట్టి చూసింది. మెల్లగా పాదాలు ఆనించింది. సరిగ్గా హారీ పిక్కలున్నంత వెచ్చగా ఉంది. ద్రీకా పిచ్చిది కాదు, లైట్లు వేడెక్కుతాయని తెలియనిదీ కాదు. కానీ అటువైపు ఆలోచన పోనివ్వలేదు. "వచ్చావా?" అంది గోడతో. ఆ చలికాలమంతా గోడకి కబుర్లు చెప్పి నిద్రపోయింది. ఎవరికీ చెప్పలేదు.

జనవరిలో మంచు విపరీతంగా కురిసింది. తెల్లవారేసరికి వీధిలో కప్పులన్నీ తెల్లగా ఉన్నాయి, రెండు తప్ప. టీనుస్ కప్పు మీద, ద్రీకా కప్పు మీద పెంకులు ఎర్రగా తడిగా మెరుస్తున్నాయి. బెప్ వీధంతటినీ పిలిచి చూపించింది. అందరూ టోపీలు పెట్టుకుని రోడ్డు మీద నిలబడి తిరునాళ్లలో లాగా చూస్తున్నారు. వెనక వీధిలోనే పుట్టి పెరిగిన కానిస్టేబుల్ వౌటర్ సైకిలు తోసుకుంటూ వచ్చాడు.

"ఇన్నాళ్లూ చూడనట్టు ఊరుకున్నా బాబాయ్. ఇప్పుడు లైట్ల వేడికి మంచు కరిగి మీ ఇంటి కప్పే అరిచి చెప్తోంది. నేనేం చేయను? పైకి పదండి." తర్వాత ద్రీకా వైపు తిరిగాడు. "నీ కప్పు మీదా మంచు లేదేంటత్తా? నువ్వూ వేశావా టమాటాలు?"

అందరూ ఘొల్లున నవ్వారు. ద్రీకా మాత్రం ఆ రెండు కప్పుల వంకా అలా చూస్తూ ఉండిపోయింది. ఎర్రటి పెంకులు సరిగ్గా ఆ గోడకి అటూ ఇటూనే ఉన్నాయి. హారీ కాదన్నమాట. ఆ వెంటనే పెద్ద భయం పట్టుకుంది. ఇప్పుడు వౌటర్ పైకి వెళ్తాడు, మొక్కలు పీకేస్తాడు, లైట్లు పీకేస్తాడు. ఇవాళ్టి నుంచి గోడ మళ్లీ ఉత్త గోడ.

"టీనుస్‌ని వదిలెయ్ అబ్బాయ్," అంది గట్టిగా. "మంచు కరిగింది మా ఇంటి వేడికి. నేను పడకగదిలో హీటర్ వేసుకుంటున్నాను."

నవ్వులు ఆగిపోయాయి. బెప్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పడకగదిలోనా?"

"అవును."

"రాత్రంతానా?"

"కిటికీ కూడా మూసుకుని," అంది ద్రీకా. ఆ వీధిలో గంజాయిని క్షమిస్తారు గానీ దీన్ని క్షమించరు. పోయిన హారీ మొహం చూసైనా ఆ పని చేయకుండా ఉండాల్సిందని ఎవరో గొణిగారు. టీనుస్ ఆమె వంక మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఎందుకులే ద్రీకా," అన్నాడు. "పదరా వౌటర్. టమాటాలు చూద్దువుగాని."

ముగ్గురూ ఎక్కారు. తలుపు తీయగానే కళ్లు జిగేల్మన్నాయి. గొట్టాల్లో నీళ్లు గలగల పారుతున్నాయి, హారీ చేపల పంపు గురక పెడుతోంది. లైట్లన్నీ ద్రీకా గోడ వైపుకి ఒత్తుగా జరిపి ఉన్నాయి. వాటి కింద వరుసగా పచ్చటి మొక్కలు. వాటికి ఎర్రగా, గుండ్రంగా వేలాడుతున్నవి టమాటాలు.

వౌటర్ ఒక కాయ తెంపాడు, వాసన చూశాడు, కొరికాడు.

"ఇవి టమాటాలు బాబాయ్!"

"మొదట్నుంచీ అదేగా చెప్తున్నా."

"ఉత్త నీళ్లు తాగినట్టుంది. రుచే లేదు."

"అది నేనెప్పుడూ దాచలేదు."

వౌటర్ కిందికి దిగి వీధివాళ్లతో ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. పైన టమాటాలే ఉన్నాయన్నాడు, ప్రమాణం చేశాడు. వీధంతా కడుపు పట్టుకుని నవ్వింది. "నీకెన్ని డబ్బాలిచ్చాడు అబ్బాయ్?" అంది బెప్. ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు.

పైన ద్రీకా ఒక గొట్టం పట్టుకుని నిలబడి ఉంది.

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజు కాఫీకి వచ్చి వెళ్లాకే."

"మరి ఆ మొక్కలేమయ్యాయి?"

"పీకేశా. వాటితో గొడవ ద్రీకా. ఏదో ఒక రోజు పోలీసులొచ్చి లైట్లు ఊడబెరుక్కుపోతారు. నీ గోడ చల్లబడిపోద్ది. టమాటాలనుకో, ఎవడు ముట్టుకుంటాడు?"

ద్రీకా గోడ మీద అరచెయ్యి ఆనించింది.

"నేను హారీ అనుకున్నాను," అంది.

టీనుస్ ఒక ఆకు తిరగేసి, లేని పురుగు కోసం వెతికాడు.

"హారీయే," అన్నాడు. "నేను చూసుకునేది టమాటాల్ని. అంతవరకే నా పని."

ద్రీకా ఏడ్చింది. ఏడుస్తూనే ఆయన్ని కిందికి లాక్కొచ్చి కాఫీ పెట్టింది. బిస్కెట్ ఇచ్చింది. మూత పెట్టలేదు. టీనుస్ రెండో బిస్కెట్ తీసుకుని, అది నిజంగా తనకేనా అన్నట్టు ఆమె మొహం చూశాడు.

"వీధిలో ఎవరికీ చెప్పకు," అన్నాడు నమలడం ఆపి. "నిజంగానే టమాటాలంటే నా పరువేం కాను?"

ఆ తర్వాత ఇంకో రెండు చలికాలాలు గోడ వెచ్చగా ఉంది. మూడో చలికాలంలో ఒక మధ్యాహ్నం ద్రీకా పక్క సర్దుతూ అలవాటుగా గోడ మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. గడియారానికి ఎవరూ కీ ఇవ్వలేదన్నమాట. ద్రీకా చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. టీనుస్ వంటింట్లో కుర్చీలోనే ఉన్నాడు, పైకి వెళ్లడానికి ఒక బూటు తొడుక్కుని.

అంత్యక్రియల తర్వాత హాల్లో కాఫీ తాగుతూ, బన్నులు తింటూ అందరూ ఆయన గంజాయి కథలే చెప్పుకున్నారు. వౌటర్ మళ్లీ ప్రమాణం చేశాడు, మళ్లీ నవ్వారు. "పక్కింటిదానివి, నువ్వు చెప్పు ద్రీకా, ఏముండేది పైన?" అని అడిగింది బెప్. ద్రీకాకి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అంత ఒంటరితనం ఆమెకి హారీ పోయినప్పుడు కూడా లేదు. కన్నీళ్లు తుడుచుకుని, "గంజాయే, ఇంకేముంటుంది," అంది. టీనుస్ పరువు నిలబడింది.

వసంతంలో ఆ ఇంట్లోకి ఇక్రామ్ అనే అమ్మాయి చంకలో బిడ్డతో దిగింది. ఆ అటకనే పడకగది చేసుకుంది. ఎండలు తగ్గుముఖం పట్టాక ఒకరోజు కాఫీకి వచ్చింది.

"అంతా బాగానే ఉంది పిన్నీ. గోడ వైపే, చంటిదాని మంచం దగ్గర, చలి ఎక్కువగా ఉంటోంది."

ద్రీకా తన కాఫీ సగంలో వదిలేసి లేచింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు టీనుస్ సామానంతా తన పెరటి షెడ్డులోకి చేరవేయించింది తనే. లైట్లు, గొట్టాలు, పైపులు, పంపు, వంటింటి గడియారం. గోడ అదే. ఇవతలి నుంచి పెట్టినా అవతలికి వేడి పోదా ఏంటి?

పనంతా అయ్యేసరికి వారం పట్టింది. ఎదురింటి నుంచి బెప్ చూస్తూనే ఉంది.

"ద్రీకా! మీ పడకగదిలో ఆ వెలుగేంటే? ఏం పెంచుతున్నావ్ పైన?"

ద్రీకా కనురెప్ప ఆడించలేదు.

"టమాటాలు."

సాయంత్రానికి కబురు వీధంతా పాకిపోయింది. ఈ వయసులో ద్రీకా కూడానా అని ముక్కున వేలేసుకున్నారు. శనివారం ద్రీకా సంతకు వెళ్లి మంచి ఎర్రటి టమాటాలు ఒక సంచీడు కొనుక్కొచ్చింది. తనవింకా పూతకు కూడా రాలేదు. వంటింట్లో కూర్చుని ఒక్కో స్టిక్కరూ ఓపిగ్గా పీకింది. బెప్‌కి ఇవ్వాల్సిన దానికి మాత్రం అలాగే ఉంచింది.