లేదుగారి సముద్రయానం

బావకి ఏదీ కనబడదు. కళ్లు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి, చీకట్లో కూడా సూదిలోకి దారం ఎక్కిస్తాడు. కానీ ఎవరైనా వేలు చూపించి "అదిగో!" అన్నారంటే చాలు, "ఏదీ? అక్కడేం లేదే!" అంటాడు. ఏడాదిగా పట్టుకుంది ఈ తెగులు. ఓడ ఎక్కిన మర్నాటికే తోటి ప్రయాణికులు ఆయనకి 'లేదుగారు' అని పేరు పెట్టేశారు.

అక్కకి చిన్నప్పటి నుంచీ తిమింగలాన్ని చూడాలని కోరిక. అది తీరుద్దామని, వేరే ఊళ్లో ఉంటున్న చెల్లెలు ఉన్న సెలవులన్నీ కూడబెట్టుకుని దంపతులిద్దర్నీ వెంటబెట్టుకొచ్చింది. తీరా చూస్తే ఈ మనిషి అక్క పక్కన దిష్టిబొమ్మలా నిలబడి, వచ్చిన ప్రతి ప్రాణినీ తోలేస్తున్నాడు.

ఆ రోజు పొద్దున్నే డెక్ మీద గైడు కేకేశాడు. "ఎడమవైపు చూడండి, డాల్ఫిన్లు!"

జనం రెయిలింగ్ మీద పడ్డారు.

"ఏదీ? అది నురగ," అన్నాడు బావ.

"నురగ పల్టీలు కొడుతుందా సార్?" అన్నాడు గైడు.

"గాలి ఉంది కదయ్యా."

"అయితే టీ తాగుదాం పదండి," అని అక్క ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. చెల్లెలికి ఒళ్లు మండిపోయింది.

"అక్క సరదా తీరనివ్వరా బావా?"

"ఉంటే చూపించనా?" అన్నాడాయన.

మధ్యాహ్నం రబ్బరు పడవల్లో అందర్నీ తీరానికి చేర్చారు. కొందరు ఇసుకలో పడుకున్నారు, కొందరు నీళ్లలో దిగారు. ఎండలో బోలెడు సీల్ జంతువులు బద్ధకంగా దొర్లుతున్నాయి.

"అదిగో అక్కా, సీళ్లు!" అంది చెల్లెలు.

"బండరాళ్లు," అన్నాడు బావ.

అక్క నవ్వుకుంటూ మడత కుర్చీలో కూర్చుంది. ఇంతలో ఒక బండరాయి పాక్కుంటూ వచ్చి, బావ ముఖం మీద హాచ్చిమని తుమ్మింది.

"ఏమండీ, రాయికి జలుబు చేసినట్టుంది," అంది అక్క.

"సముద్రపు గాలి మరి," అంటూ ఆయన ముఖం కడుక్కోవడానికి వెళ్లాడు.

చెల్లెలు ఇక ఆగలేకపోయింది. "ఎలా భరిస్తున్నావే ఈ మనిషిని? ఇంత దూరం వచ్చి ఒక్కటైనా చూశావా?"

"చూడలేదు. చూడలేను," అంది అక్క తాపీగా. "ఎదురుగా ఉన్న నీ ముఖమే నాకు మసగ్గా ఒక మరకలా ఉంది. ఏడాదైంది. పోయిన చూపు ఇక రాదన్నారు డాక్టర్లు."

చెల్లెలు కుర్చీ పక్కనే ఇసుకలో చతికిలబడింది. వారం నుంచీ "అదిగో, అదిగో" అని అక్కని పొడుచుకు తిన్నది తనే.

"మొదట్లో నలుగురూ 'అదిగో' అంటుంటే నేనొక్కదాన్నే ఎటో చూస్తూ నిలబడేదాన్ని. ఏడుపొచ్చేది. అప్పటి నుంచీ ఆయనక్కూడా ఏదీ కనబడడం మానేసింది."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే జాలి పడి చెయ్యి పట్టుకు నడిపిస్తావు. ఈయనైతే చక్కగా విసిగిస్తాడు. నాకు ఇదే బాగుంది."

చెల్లెలి కోపం మాత్రం చల్లారలేదు. బావ మీద కాదు. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం అది.

తిరుగు ప్రయాణంలో పడవ పక్కనే నీళ్లు ఉబ్బి, నల్లటి వీపు కొండలా లేచింది. "అదిగో తిమింగలం!" అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు. బావ నోరు తెరిచాడు.

"ఏదీ? అది అల," అంది చెల్లెలు ఆయన కంటే ముందే.

బావ ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అలే. కాస్త పెద్ద అల," అన్నాడు.

ఆ అల బుస్సుమని ఊపిరి వదిలింది. ముగ్గురూ తడిసి ముద్దయ్యారు. పడవంతా కుళ్లిన చేపల కంపు కమ్మేసింది. అక్క ముక్కు మూసుకోలేదు, ఆ కంపునంతా ఇష్టంగా పీల్చుకుంది.

"ఏమండీ," అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "ఈ అల పళ్లు తోముకుని ఎన్నాళ్లయిందో!"