కిటికీ పక్క నిద్ర

బొబ్బిలి నుంచి విజయనగరం వచ్చే బస్సులో నా పక్కన వీణలు చేసే ఒకాయన కూర్చున్నాడు. కిటికీ దగ్గర ఆయన కొడుకు నిద్రపోతున్నాడు, పదిహేడేళ్ళు ఉంటాయేమో. కుదుపులకి వాడి తల ఊచకి కొట్టుకోకుండా తండ్రి తన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"సదువుకుంటాడని ఉలి ముట్టనివ్వలేదు బాబూ. మా ఇళ్ళల్లో పిల్లలు ముందు వీణకి పనస దుంగ తొలవడం నేర్సుకుంటారు. ఈడికి అదీ రాదు. కంప్యూటర్ కోర్సులో ఏస్తే, ఇప్పుడా పని కంప్యూటరే సేసేస్తాదంటన్నారు. కాలేజీ మానేసి పొద్దస్తమానం పడుకుంటన్నాడు. మీరు ఆఫీసులో పన్జేస్తన్నట్టున్నారు. ఈడికి ఏటి నేర్పితే కూడు పెడతాది, సెప్పండి."

నేను గొంతు సవరించుకుని ఏదో కోర్సు పేరు చెప్పబోయాను.

కుర్రాడు కళ్ళు తెరవకుండానే అన్నాడు. "ఊరుకో నాన్నా. ఆయనకీ తెల్దు."

తండ్రి నా మొహంలోకి చూశాడు. నేను ఫోను తీసి చూసుకున్నాను. ఆయన చెయ్యి మాత్రం కొడుకు తల దగ్గర నుంచి కదల్లేదు.

ఇంటికొచ్చేసరికి మా అబ్బాయి పట్టపగలు ముసుగేసుకుని పడుకున్నాడు. రోజూ అరిచి లేపేవాణ్ణి. ఆ రోజు లేపి ఏం చెప్పాలో తెలీక గుమ్మంలోనే నిలబడిపోయాను.