రోజుకో కుట్టు

డెబ్భైల చివర బాన్సువాడలో ఒక చిన్న దవాఖానలో నర్సుగా పనిచేసేటప్పుడు, అబద్ధం పట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని పేరు. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నానేమో కూడా. కల్లు మానేశానని చెప్పే మనిషి చెవి వెనక గోక్కునేవాడు. మందు వేళకు మింగానని చెప్పే ముసలమ్మ అడగకముందే మూడుసార్లు ఒట్టు పెట్టేది. బీర్కూర్ నుంచి వచ్చే ఒకాయనను పోయినసారి సూది వేసిన చెయ్యి ఏదని అడిగితే, కాసేపు ఆలోచించి రెండూ చూపించాడు. డాక్టరుగారు కూడా "ఏమంటవ్ సిస్టర్, నిజమేనా?" అని నా వైపు చూసేవారు. అదంతా నా నెత్తికెక్కింది.

క్షయకు అప్పట్లో నెలకు సరిపడా మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేవాళ్లం. రోజుకొకటి, ఏడాదికి పైగా, ఒక్కరోజూ మానకుండా మింగాలి. దగ్గు తగ్గగానే చాలామంది మానేసేవాళ్లు. మిగిలినవి కాలువలో పారేసి, అన్నీ మింగామని చెప్పేవాళ్లు. అలా మానేస్తే జబ్బు తిరగబెట్టి, తర్వాత ఆ మందే పనిచేయకుండా పోతుంది. అందుకే నాకు అంత కోపం.

ఒకరోజు తండా నుంచి ఒక కోడలు మూడో పొట్లం కోసం వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. అంతకుముందు రెండుసార్లూ భర్తతో వచ్చి గలగలా మాట్లాడింది. ఈసారి మామ తోడు వచ్చాడు. మాత్రలు రోజూ మింగుతున్నావా అని అడిగాను. ముసుగు ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది. మళ్లీ అడిగాను. పలకలేదు. కాలి బొటనవేలితో నేల రాస్తూ నిలబడింది. మింగుతోందని మామ చెప్పబోతే, నిన్ను అడగలేదన్నాను. ఇంట్లో మిగిలినవి మింగాకే రమ్మని, పొట్లం ఇవ్వకుండా పంపేశాను. రిజిస్టరులో 'మందు మింగడం లేదు' అని రాశాను కూడా.

ఎనిమిది రోజులకు ఒక్కతే నడిచి వచ్చింది. ముసుగు లేదు. బల్ల ముందు నిలబడి నా ముఖంలోకి సూటిగా చూసింది.

"మామ ముంగట నోరెట్ల తెరుస్త సిస్టరమ్మ? మా తాన కోడలు మామ ముంగట మాట్లాడదు, మొఖం సూపదు."

మాత్రలు దాచుకునే గుడ్డసంచి నా ముందు పెట్టింది. లోపల ఏమీ లేదు. అంచు పొడుగునా ఎర్రదారంతో కుట్లు ఉన్నాయి. చదువు రాదు గనక మాత్ర మింగిన ప్రతిరోజూ ఒక కుట్టు వేసుకుందట. లెక్కపెట్టాను. మేం ఎన్ని మాత్రలిచ్చామో అన్ని కుట్లు. వాటి తర్వాత ఎనిమిది కుట్లు పట్టేంత చోటు వదిలేసింది.

సిగ్గుతో చచ్చిపోయాను. తల దించుకుని పొట్లం కట్టాను. అందుకుంటూ, ఆ ఖాళీ చోటు మీద వేలు పెట్టింది.

"గీ ఎనిమిది దినాలు తప్పినయ్ గదా. ఏమన్న అయితదా?"

ఏమవుతుందో నాకు తెలియదు. డాక్టరుగారిని అడగాలంటే నేను చేసింది చెప్పుకోవాలి. చెవి గోక్కోలేదు, ఒట్టు పెట్టలేదు, చూపు తిప్పలేదు. నేరుగా ఆమె కళ్లలోకి చూసి, ఏం కాదని చెప్పాను. నమ్మింది. పొట్లం సంచిలో వేసుకుని తండా దారి పట్టింది.